కొండ దిగేటప్పుడు వచ్చే పొగ

పొగ డాక్టరుకు రంగులు సరిగ్గా కనిపించవన్న సంగతి ఊరు మొత్తం మీద ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి అతని భార్య. ఆమెకు కూడా పెళ్ళయిన రెండో ఏడాది గాని తెలియలేదు. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టే మనిషి ఆమె. ఒకరోజు పని మధ్యలో ఆకుపచ్చ దారం రీలు అందుకోమంటే గోధుమరంగు రీలు అందించాడు. ఆమె నవ్వి, "పరాకా?" అంది. ఇంకోటి తీసిచ్చాడు. అదీ గోధుమరంగే. అప్పుడామె నవ్వు ఆపి అతని మొహంలోకి చూసింది. అతను నీళ్ళు నమిలాడు. మర్నాటికల్లా అరలో ఉన్న ప్రతి రీలుకూ చిన్న కాగితం ముక్క అంటించి ఉంది, దాని మీద రంగు పేరు రాసి ఉంది. ఆ విషయం ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

అలాంటి మనిషికి పొగ డాక్టరని పేరు రావడం వింతే. అతని అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వినబడదు. గోడౌన్ల వీధి మొదట్లో, టైర్ల కొట్టు పక్కన రేకుల షెడ్డు అతనిది. కారు తెచ్చినవాళ్ళు ఇంజన్ ఆపబోతే, "ఆపకండి, ఆపకండి" అంటూ వెనక్కి వెళ్ళి సైలెన్సర్ గొట్టం దగ్గర గొంతుక్కూర్చుంటాడు. కళ్ళు చిట్లించి ఆ పొగకేసి అలా చూస్తూ ఉంటాడు. కాసేపటికి లేచి రోగం పేరు చెబుతాడు. అది నూటికి తొంభైతొమ్మిది సార్లు నిజమవుతుంది.

నల్లపొగ వస్తే ఇంజన్ తాగాల్సినదాని కంటే ఎక్కువ పెట్రోలు తాగుతోందని, లేదా దానికి గాలి చాలడం లేదని అర్థం. తెల్లపొగ వచ్చి, బండి వేడెక్కాక కూడా ఆగకపోతే లోపలికి నీళ్ళు దిగుతున్నాయని. నీలిపొగ అయితే ఇంజనాయిలు మండుతోందని. ఈ మాత్రం సంగతి కారున్న ప్రతివాడికీ తెలుసు. అతను చూస్తున్నట్టు కనిపించేవాడే గాని నిజానికి చూసేవాడు కాదు. వాసన పట్టేవాడు. పచ్చి పెట్రోలు ముక్కుకు గుచ్చుకుంటుంది. రేడియేటరు నీళ్ళు లోపలికి దిగితే పొగలో ఒక తియ్యదనం ఉంటుంది, అది గొంతులో వెగటుగా ఆగుతుంది. ఆయిలు మండితే మాడిన మూకుడు వాసన. ఆపైన అరచేతిని గొట్టానికి జానెడు దూరంలో పెట్టి, తీసి, బొటనవేలితో రుద్ది చూసేవాడు. పొడిగా రాలితే మసి. తడిగా ఆరిపోతే నీరు. జిడ్డుగా పట్టుకుంటే ఆయిలు. అతని కళ్ళకు పలచటి నీలమూ బూడిదరంగూ ఒకటే. ముక్కూ చెయ్యీ కలిసి ఆ లోటు ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నాయి.

కావాలని ఎంచుకున్న పని కాదిది. ఇరవై మూడేళ్ళ వయసులో అతను దూరపు బస్సులు నడిపే ఉద్యోగానికి వెళ్ళాడు. అప్పటికే లారీల మీద తిరిగి చెయ్యి బాగా తిరిగి ఉంది. డ్రమ్ముల మధ్య నుంచి బస్సును వెనక్కి తీయమంటే ఒక్కదాన్నీ తాకకుండా తీశాడు. ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించమంటే వేలెడు కూడా వెనక్కి జారనీయలేదు. పరీక్ష పెట్టినాయన భుజం తట్టి, ఇంక కంటి డాక్టరు సంతకం ఒక్కటే మిగిలిందన్నాడు. ఆ డాక్టరు చుక్కల బొమ్మలున్న పుస్తకం తెరిచి, "ఇందులో ఏ అంకె కనిపిస్తోంది?" అని అడిగాడు.

"అంకె ఎక్కడుందండీ?" అన్నాడతను, ఎంతో నమ్మకంగా.

డాక్టరు ఇంకో పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. తర్వాత పుస్తకం మెల్లగా మూసేశాడు. అతను ఆ శబ్దాన్ని ఈనాటికీ మరిచిపోలేదు.

ఆ వారంలోనే ఈ షెడ్డులో పనికి చేరాడు. దాని యజమాని అయిన ముసలి మేస్త్రి పోయాక షెడ్డు ఇతని చేతికొచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళయింది. రోజుకు నాలుగు బండ్లయినా నడుపుతాడు, కానీ ప్రతిదాన్నీ ఒకే రోడ్డు మీద నడుపుతాడు. షెడ్డు నుంచి గోడౌన్ల చివరిదాకా, అక్కడి నుంచి వెనక్కి. పరాయివాళ్ళ బండి గోడౌన్లు దాటకూడదన్నది ముసలి మేస్త్రి పెట్టిన కట్టడి. అక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. ఒక దారి కొండ మీదికి పోతుంది. ప్రతిసారీ అక్కడ స్టీరింగు పూర్తిగా తిప్పి వెనక్కి మళ్ళుతాడు.

అందుకే కాబోలు, బండి వచ్చిందంటే ముందు అది ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో వెతుకుతాడు. వైపర్ల కింద ఇరుక్కున్న ఆకులు తీసి చూస్తాడు. రేడియేటరు జాలీలో చచ్చిన పురుగుల్ని కుంచెతో దులుపుతూ, "ఇవి మన వైపువి కావు" అనుకుంటాడు. టైర్ల గాడుల్లో మట్టి రంగు అతనికి తెలియదు గాని వేళ్ళ మధ్య నలిపితే ఏటి ఒడ్డుదో, చేలల్లోదో తెలుస్తుంది. కాళ్ళ కింది పట్టాలు దులిపినప్పుడు సముద్రపు ఇసుక రాలిందంటే ఆ పూట భోజనం దగ్గర భార్యకు అదే కబురు. "ఇవాళ ఒక బండి సముద్రం దాకా వెళ్ళొచ్చిందే" అనేవాడు, తనే వెళ్ళొచ్చినంత సంబరంగా.

ఒక ఉదయం పశువుల డాక్టరమ్మ తన పాత కారు తెచ్చింది. వారానికి మూడు రోజులు కొండ అవతలి ఊళ్ళకు వెళ్ళి గొడ్లకు వైద్యం చేసి వస్తుందామె. యాభై దాటిన మనిషి, మాట గట్టిది, నవ్వు అంతకంటే గట్టిది.

"మేస్త్రిగారూ, దీనికి ఆఖరి ఘడియలు దగ్గరపడ్డాయంటున్నారు. మీరూ అదే మాటంటే మారు మాట్లాడకుండా అమ్మేస్తాను" అంది దిగుతూనే.

"ఎవరన్నారమ్మా?"

"బజార్లో పెద్ద షెడ్డువాళ్ళు. ఇంజన్ బోరుకొచ్చింది, మొత్తం విప్పి పిస్టన్ రింగులు మార్చాలన్నారు."

అతను ఎప్పట్లాగే వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆమెను గట్టిగా తొక్కమన్నాడు. గొట్టంలోంచి వస్తున్నది శుభ్రమైన గాలి. వాసన లేదు, జిడ్డు లేదు. తెల్ల గుడ్డ అడ్డం పెట్టి తీశాడు, మరక పడలేదు.

"పొగ ఎప్పుడొస్తుందమ్మా?"

"అదే చోద్యం. కొండ ఎక్కేటప్పుడు రాదు. దిగేటప్పుడూ రాదు. మొత్తం దిగేసి, కింద వంతెన దగ్గర మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కుతాను చూడండీ, అప్పుడు భగ్గుమని వస్తుంది. వెనకున్న స్కూటరు వాళ్ళు నన్ను తిట్టుకుంటూ పోతారు."

"ఏ రంగు?"

"అద్దంలో చూసిందేగా. నీలమో తెలుపో, మబ్బుగా ఉంటుంది. నేను రోడ్డు చూసుకోవాలా, పొగ చూసుకోవాలా?"

ఆమెకు వారం రోజులు వేరే ఊళ్ళో శిక్షణ తరగతులున్నాయట. తాళంచెవి అతని చేతిలో పెడుతూ, "తొందరేం లేదు. కావాలంటే కొండ మీదికి తీసుకెళ్ళి చూడండి. నాకేం అభ్యంతరం లేదు" అని బస్సు దొరుకుతుందో లేదోనని గబగబా వెళ్ళిపోయింది.

ఆమెకది మామూలు మాటే. అతనికి మాత్రం ఆ రోజంతా చేతిలో పానా నిలవలేదు.

రెండు రోజులు షెడ్డులోనే చేయగలిగిందంతా చేశాడు. నాలుగు సిలిండర్లకూ గేజి పెట్టి కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, చూశాడు. నాలుగూ బలంగానే ఉన్నాయి. రింగులు పోయిన ఇంజన్ అలా ఉండదు, పైగా అది ఎత్తు ఎక్కేటప్పుడే ఆయాసపడుతూ పొగ కక్కుతుంది. ప్లగ్గులు విప్పితే మూడోదాని మీద కాస్త జిడ్డు కనిపించింది. దాన్నిబట్టి వాల్వుల మీది రబ్బరు సీళ్ళు గట్టిపడి ఉండాలని ఊహించాడు. కొండ దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాం కదా, చక్రాలు ఇంజన్ను తిప్పుతుంటే అది లోపలికి పీల్చడానికి గాలి దొరక్క, వాల్వుల పక్కన సందు దొరికితే చాలు ఆయిలును జుర్రుకుంటుంది. కింద మళ్ళీ తొక్కగానే అదంతా ఒక్కసారి భగ్గుమంటుంది. అదే నిజమైతే పొగ నీలంగా ఉండాలి. తెల్లగా ఉంటే మాత్రం నీళ్ళు దిగుతున్నట్టు, దానికి వేరే వైద్యం.

నూటికి తొంభై పాళ్ళు సీళ్ళేనని అతనికి తెలుసు. మిగతా పది పాళ్ళ కోసం ఎవరూ కొండెక్కరనీ తెలుసు. అయినా శనివారం సాయంత్రం భోజనానికి కూర్చున్నప్పుడు, తల ఎత్తకుండా, "రేపు నాతో కొండ మీదికి రాగలవా?" అని అడిగాడు.

"ఎందుకు?"

"డాక్టరమ్మ బండిలో పొగ చూడాలి. నేను నడుపుతాను. వెనక్కి తిరిగి కూర్చుని అది ఏ రంగో చెప్పేవాళ్ళు కావాలి."

పాతికేళ్ళ పైచిలుకు ఎత్తని మాట అది. ఆమె అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "చెప్తాను. రంగులు చూడ్డమేగా నా పని" అని మళ్ళీ కలపడం మొదలుపెట్టింది.

పొద్దున్నే ఆమె ఉడికించిన గుడ్లు, రొట్టె, నీళ్ళ సీసా సంచిలో సర్దింది. వాటితోపాటు దారాల కంపెనీవాళ్ళిచ్చే అట్ట ఒకటి పెట్టింది. దాని మీద మూడొందల రంగుల దారప్పోగులు వరసగా అతికించి, ఒక్కోదాని కింద నంబరు వేసి ఉంటుంది.

"అదెందుకే?"

"నీలం అంటే సరిపోతుందా? నీలాలు నలభై ఉన్నాయి. తర్వాత మీరు, ఎలాంటి నీలం అని నా ప్రాణం తీస్తారు."

గోడౌన్ల చివర రోడ్డు చీలే చోట అతని కాలు తనంతట తనే బ్రేకు మీదికి పోయింది. బండి ఆగింది.

"ఆగారేం?"

"అలవాటు" అన్నాడు. ఒక్క క్షణం స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, తర్వాత కొండ దారి పట్టించాడు.

ఎక్కుతున్నంతసేపూ ఆమె వెనక సీటు మీద మోకాళ్ళేసుకుని, వెనకద్దానికి మొహం ఆనించి చిన్నపిల్లలా కూర్చుంది. "ఏమైనా ఉందా?" అని అడిగితే, "ఏమీ లేదు. దుమ్ము. ఓ కుక్క" అంది. ఇంకో రెండు మలుపులు తిరిగాక, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. "మన వీధి కనిపిస్తోందండీ. గోడౌన్ల రేకులన్నీ అగ్గిపెట్టెలయిపోయాయి. నీళ్ళ ట్యాంకు చూడండి... అయ్యో, మీరు చూడకండి." అతను ముందున్నవి చెప్పాడు. "ఇక్కడ రాయి తొలిచి దారి చేశారు. పైన ఊట కారుతోంది. ఈ మలుపు చాలా ఇరుకు, హారన్ కొడతా, ఉలిక్కిపడకు." ఒకరు చూడనిది ఒకరికి చెప్పుకుంటూ పైకి చేరారు. పొగ మాత్రం జాడ లేదు. రింగులు కావని తేలిపోయింది.

పైన రోడ్డు పక్క చదునైన జాగా, పొట్టి గోడ ఉన్నాయి. గోడ మీద కూర్చుని గుడ్లు ఒలుచుకుంటుండగా కింద నుంచి దూరపు బస్సొకటి మూలుగుతూ వచ్చింది. డ్రైవరు ఒంటి అరచేత్తో స్టీరింగును గుండ్రంగా తిప్పుతూ మలుపు తిరిగి, అవతలికి వెళ్ళిపోయాడు. బస్సు కనుమరుగయ్యాక కూడా అతను అటే చూస్తున్నాడు. చేతిలో గుడ్డు చేతిలోనే ఉంది.

"మీరైతే ఇంకాస్త మెల్లగా తిప్పేవారు" అందామె.

"లేదు. బాగానే తిప్పాడు" అన్నాడు. గుడ్డును గోడ మీద పెట్టి, "చాలా బాగా తిప్పాడు" అన్నాడు.

"ఆ మలుపు అవతల ఏముంటుందండీ?"

"రోడ్డు."

"అదే, ఎక్కడికి?"

అతను రొట్టె తుంపులు దులుపుకుని లేచాడు. "పరాయి బండి. పొగ కోసం వచ్చాం. పద."

సంచి సర్దుకుంటూ ఆమె రెండుసార్లు మలుపు వైపు చూసింది.

దిగేటప్పుడు అతను మూడో గేరులో వేసి, యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేశాడు. ఇంజన్ గుర్రుమంటూ బండిని పట్టి ఉంచింది. పది మలుపులు, పదిహేను మలుపులు. ఆమె అట్టను ఒళ్ళో పెట్టుకుని కన్నార్పకుండా చూస్తోంది. కింద వంతెన రాగానే, "చూడు!" అని గట్టిగా తొక్కాడు.

"వచ్చింది! వచ్చిందండీ!" అని ఆమె సీటు మీద ఎగిరింది. "అబ్బో, వంతెన కనబడ్డం లేదు!"

"రంగు చెప్పు ముందు!"

"ఉండండి... నూట పద్దెనిమిది. కాదు, నూట పంతొమ్మిది."

"నంబరు కాదే తల్లీ, రంగు!"

"నీలం. పలచటి నీలంలో బూడిద కలిసింది. స్కూలు చొక్కాలు పది ఉతుకులు పడ్డాక వస్తుందే, అది."

"తెలుపు కాదుగా?"

"తెలుపుకూ నీలానికీ తేడా తెలీకుండానే ఇన్నేళ్ళూ కుట్టానా?" అని గయ్యిమంది. అన్నాక, ఆ మాట ఎవరితో అంటోందో గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. ముందు సీట్లోంచి నవ్వు వినబడింది. అతను అంత పెద్దగా నవ్వి చాలా కాలమైంది. వంతెన అవతల బండి ఆపి, దిగి, ఇద్దరూ వెనక్కి నడిచారు. పొగ ఇంకా గాలిలో వేలాడుతోంది. ఆవిరైతే ఈపాటికి మాయమయ్యేది. అతను దాన్ని చూశాడు. అతనికది మామూలు బూడిదరంగే. ముక్కుకు మాత్రం మాడిన మూకుడు వాసన తగిలింది.

సోమవారం పని మొదలుపెట్టాడు. ఇంజన్ పైభాగాన్ని, అంటే హెడ్డును, దించకుండానే సీళ్ళు మార్చే పద్ధతి ముసలి మేస్త్రి నేర్పాడు. ప్లగ్గు బెజ్జంలోంచి నూలు తాడు మెల్లగా లోపలికి దింపి, ఇంజన్ను చేత్తో తిప్పితే పిస్టన్ పైకొచ్చి ఆ తాడును వాల్వుల కింద మెత్తలా నొక్కిపెడుతుంది. అప్పుడు స్ప్రింగు విప్పినా వాల్వు జారి లోపల పడదు. ఒక్కో సిలిండర్‌కూ అదే తంతు. మొత్తం ఎనిమిది సీళ్ళు. పాతవి గోరు గుచ్చినా దిగనంత రాయిలా ఉన్నాయి, ఒకటైతే చేతిలోనే రెండు ముక్కలైంది. కొత్తవాటికి ఆయిలు రాసి వేలితో నొక్కి కూర్చోబెడుతుంటే మెత్తగా కదిలాయి. బుధవారం మధ్యాహ్నానికి అంతా బిగించాడు. ఇంజన్ను తట్టి లేపగానే లేచింది.

"రేపోసారి కొండెక్కి చూస్తే గాని చెప్పలేం" అన్నాడు ఇంటికొచ్చి.

మర్నాడు అతను బండి తెచ్చేసరికి ఆమె కుట్టుమిషనుకు గుడ్డ కప్పి, మంచి బట్టలు కట్టుకుని, సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది.

ఎక్కారు, దిగారు. వంతెన దగ్గర గట్టిగా తొక్కాడు. వెనక సీట్లోంచి చప్పుడు లేదు.

"ఏమైంది?"

"ఏమీ లేదు" అందామె.

"కొంచెమైనా?"

"బొత్తిగా లేదు. వంతెన మొత్తం కనిపిస్తోంది." ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది ఆమె గొంతు.

అతను బండి పక్కకు తీసి ఆపాడు. రోగం కుదిరింది. ఏ మేస్త్రికైనా సంతోషించాల్సిన ఘడియ. అతను మాత్రం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా ఉన్న రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఈ దారిలో ఇంకోసారి రావడానికి కారణమేమీ మిగల్లేదు.

కాసేపటికి వెనక నుంచి మెల్లగా, "సరిగ్గా చూశానో లేదోనండీ. సమయానికి కంట్లో దుమ్ము పడింది" అంది.

కారు అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి. అతను ఆ అద్దాల్ని చూశాడు, తన ఎదురుగా ఉన్న చిన్నద్దంలో ఆమెను చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"అయితే మళ్ళీ చూడాల్సిందే. పరాయివాళ్ళ బండి, అరకొరగా ఎలా ఇస్తాం?" అని బండిని వెనక్కి తిప్పాడు.

రెండోసారి ఎక్కేటప్పుడు ఆమె ముందు సీట్లో కూర్చుంది. పొగ సంగతి ఎవరూ ఎత్తలేదు. పైన బండి ఆపి, తాళం వేసి, నడుచుకుంటూ ఆ మలుపు దాకా వెళ్ళారు. మలుపు తిరిగి చూస్తే, వంద గజాల అవతల రోడ్డు మళ్ళీ ఇంకో మలుపు తిరిగి ఉంది. ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు. గాలి బాగా వీస్తోంది. ఆమె శాలువా భుజాల మీదికి లాక్కుని, "పోనీలెండి" అంది. అతను తలూపాడు. వెనక్కి వచ్చేశారు.

శనివారం డాక్టరమ్మ వచ్చింది. కొండెక్కి దిగి ఒక చుట్టు తిరిగొచ్చి, నవ్వు మొహంతో దిగింది. "మాయం చేశారు మేస్త్రిగారూ! పెద్ద షెడ్డువాళ్ళు ఇంజన్ మొత్తం విప్పుతామన్నారు. ఆ పొగ రంగు అంత కచ్చితంగా ఎలా కనిపెట్టారో గాని, మీ కళ్ళకు దండం పెట్టాలి."

ఈ మాట అతను వెయ్యిసార్లు విన్నాడు. ప్రతిసారీ చిన్నగా నవ్వి ఊరుకునేవాడు. ఈసారి చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, తుడిచిన వేలినే మళ్ళీ తుడుస్తూ, "నా కళ్ళు కాదమ్మా. నాకు రంగులు సరిగ్గా తెలీవు. చూసింది మా ఆవిడ" అన్నాడు.

డాక్టరమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత, "మా ఆవులకూ ఎద్దులకూ కూడా ఎరుపు తెలీదండీ. అవేం బాగా బతకడం లేదా?" అంది. ఆమె మొహంలో జాలి లేదు, వెక్కిరింత లేదు. అతను చేతిలో గుడ్డ పక్కన పడేశాడు. ఆ తెగింపుతోనే అడిగేశాడు. "అమ్మా, పైన రెండో మలుపు దాటాక దారి ఎలా ఉంటుంది?"

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భార్య మిషను మీద ఉంది.

"డాక్టరమ్మకు చెప్పేశాను" అన్నాడు.

"ఏం చెప్పారు?"

"నాకు రంగులు తెలీవని."

మిషను ఆగింది. "ఏమందేమిటి?"

"ఆవులతో కలిపింది" అన్నాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. "రెండో మలుపు దాటాక ఏముందో కూడా అడిగాను. కొంచెం దూరం చెట్లుంటాయట, రోడ్డు మీద ఎండ పడదట. తర్వాత ఒక చెక్‌పోస్టు. అది దాటాక మళ్ళీ దిగుడు. దిగుతుంటే ఎడం పక్కన ఏరు కనిపిస్తుందట, వానాకాలంలో అయితే దాని హోరు కారులోకి వినిపిస్తుందట. అక్కడ ఓ పాత రాతి వంతెన. వంతెన దాటితే తిన్నటి రోడ్డు, రెండు గంటల దాకా స్టీరింగు తిప్పే పని లేదట."

"తర్వాత?"

"తర్వాత ఆమె కుడివైపు తిరిగి ఊళ్ళలోకి వెళ్ళిపోతుందట. తిన్నగా ఇంకా ముందుకు ఆమె కూడా ఎప్పుడూ పోలేదు."

ఆమె మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి, "ఏటి దగ్గర నుంచి మళ్ళీ చెప్పండి" అంది.